తెల్లకొండల లోయల్లో లదీన్ మాట

మన ఇళ్లల్లో వంటింటి గట్టుకు కడప బండ వేస్తారు. దాని మీద నిమ్మరసం పడి అలాగే ఉండిపోతే మరుసటి రోజుకు తెల్లటి మచ్చ తేలుతుంది. అమ్మ ఎంత తోమినా ఆ మచ్చ పోదు. కారణం సులువే. కడప బండ సున్నపురాయి జాతిది, పులుపు తగిలితే సున్నపురాయి కరుగుతుంది. దాదాపు ఇదే పరీక్షను 1789లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లో చేశాడు. నిమ్మరసానికి బదులు ఆమ్లం వాడాడు, అంతే తేడా. ఆయన ఏరుకున్న రాయి చూడ్డానికి అచ్చం సున్నపురాయే. కానీ ఆమ్లం పోస్తే సున్నపురాయి పొంగినట్టు బుసబుసమని పొంగలేదు.

ఆయన పేరు దేయొదా ద డొలొమియు. ఆ సంగతిని 1791లో అచ్చు వేయించాడు. మరుసటి ఏడు జెనీవాకు చెందిన సొస్యూర్ ఆ రాయిని పరీక్షించి, దానికి డొలొమియు పేరు మీదనే డోలమైట్ అని పేరు పెట్టాడు. తర్వాత ఆ కొండలన్నిటికీ డోలమైట్లు అనే పేరు వచ్చేసింది. పాపం డొలొమియు బతుకు మాత్రం అంత బాగా సాగలేదు. నెపోలియన్‌తో 1798లో ఈజిప్టుకు పోయి, తిరిగి వస్తూ దారిలో పట్టుబడి, మెస్సీనాలో ఏడాదిన్నర పైనే చీకటి కొట్లో ఉన్నాడు. కాగితం ఇవ్వకపోతే దీపపు మసితో బైబిలు అంచుల మీద రాళ్ల శాస్త్రం గురించి రాసుకున్నాడంట. విడుదలైన 1801లోనే చనిపోయాడు. తన పేరు ఒక పర్వతశ్రేణికి నిలుస్తుందని ఆయనకు తెలియదు.

డోలమైట్లు ఇటలీ దేశానికి ఈశాన్య మూలన, ఆస్ట్రియా సరిహద్దుకు దగ్గరగా ఉన్నాయి. 3,000 మీటర్లు దాటిన శిఖరాలు 18 ఉన్నాయి. అన్నిటికంటే ఎత్తైనది మర్మొలాదా, 3,343 మీటర్లు. మన దక్షిణాదిలో అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి 2,695 మీటర్లు అని భూగోళంలో చదువుకున్నాం కదా, దానితో పోల్చి చూసుకోండి. తమాషా ఏమిటంటే డోలమైట్లలో పెద్దదైన ఈ మర్మొలాదా చాలా వరకు డోలమైట్ కాదు, మామూలు సున్నపురాయే. 2009లో యునెస్కో ఈ కొండలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత ఎత్తు కొండల మీద రాళ్లలో నత్తగుల్లలు, పగడాలు దొరుకుతాయి. ఎందుకంటే అది ఒకప్పుడు సముద్రం. సుమారు 24 కోట్ల ఏళ్ల కిందట అక్కడ లోతు తక్కువైన వెచ్చని సముద్రం ఉండేది. అందులో పగడాలు, స్పంజికలు, నాచు, సూక్ష్మజీవులు కలిసి సున్నపు దిబ్బలు కట్టాయి. అడుగు భాగం కుంగే కొద్దీ దిబ్బ పైకి పెరిగింది. ఆ తర్వాత ఆఫ్రికా వైపు నేల యూరప్ వైపు నేలను తోసినప్పుడు సముద్రపు అడుగు ముడతపడి ఆల్ప్స్ పర్వతాలుగా లేచింది. డోలమైట్ల తెల్లని గోడలు నిజానికి పగడపు దిబ్బలేనని 1860లో రిష్టోఫెన్ అనే జర్మను శాస్త్రవేత్త రాశాడు. దిబ్బల మధ్య లోతుల్లో అగ్నిపర్వతాల బూడిద, బురద పేరుకున్నాయి. ఆ మెత్తని పొరల మీదే ఇప్పుడు పచ్చిక బయళ్లు, ఊళ్లు. నిటారుగా నిలిచిన తెల్లగోడ, దాని కాళ్ల దగ్గర పచ్చని గడ్డి అని బొమ్మల్లో చూస్తామే, అది అలా వచ్చిందే.

భూమి వయసును శాస్త్రవేత్తలు కాలాలుగా విడగొట్టి ఒక్కో ముక్కకు ఒక్కో పేరు పెట్టారు. ఆ దిబ్బలు పెరిగిన కాలంలో ఒక ముక్కకు లదీనియన్ అని పేరు. 1892లో పెట్టిన ఆ పేరు ఎక్కడిదనుకుంటున్నారు? ఆ లోయల్లో ఉండే లదీనులు అనే మనుషులది. వాళ్లు మొత్తం కలిపి సుమారు 30 వేల మందే. మన హోసూరు జనాభాతో పోలిస్తే అదెంత! అంత చిన్న జనం పేరు కోట్ల ఏళ్ల నాటి కాలానికి ఉంది. ప్రపంచంలో ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివే పిల్లలైనా ఆ పేరు చదవాల్సిందే. కానీ ఆ లదీనుల మాటను బడిలో చెప్పాలా వద్దా అన్న దానికి వాళ్లు వంద ఏళ్లు పోరాడాల్సి వచ్చింది. ఈ వ్యాసం రాయడానికి నన్ను లాగింది అదే.

ఆ కొండల్లో మనుషులు చాలా ముందు నుంచే ఉన్నారు. మొందెవాల్ అనే చోట 2,000 మీటర్ల పైన ఒక బండ నీడలో, ఏడెనిమిది వేల ఏళ్ల కిందటి వేటగాడి సమాధి 1987లో బయటపడింది. అదే సంవత్సరం కొంతురీనెస్ అనే కొండలో 2,800 మీటర్ల ఎత్తున ఒక గుహలో ఎలుగుబంట్ల ఎముకలు గుట్టగా దొరికాయి. ఇప్పుడు అక్కడ రాళ్లు తప్ప తినడానికి ఏమీ లేదు. ఎలుగులు అక్కడ బతికాయంటే ఒకప్పుడు అంత ఎత్తులోనూ వెచ్చగా, పచ్చగా ఉండేదని అర్థం. ఆ ఎలుగు జాతికి కూడా లదీనుల పేరే పెట్టారు.

క్రీస్తుకు పూర్వం 15లో రోము సైన్యం ఈ ఆల్ప్స్ ప్రాంతాన్ని గెలిచింది. సైనికులు, వర్తకులు మాట్లాడే లాటిన్ మెల్లగా కొండల మీదికి ఎక్కింది. స్థానికుల పాత మాటలు కొన్ని అందులో కలిసిపోయాయి. బండను, శిఖరాన్ని వాళ్లు క్రెప్ అంటారు, అది రోమనుల కంటే పాతదని పండితుల మాట. లాటిన్ అనే పేరే నోట్లో నలిగి లదీన్ అయ్యింది. ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్ పుట్టిన ఇంట్లోనే ఇదీ పుట్టింది. స్విట్జర్లాండులోని రొమాన్ష్, ఇటలీలోని ఫ్రియులి భాష దీనికి అక్కచెల్లెళ్లు. తర్వాతి రోజుల్లో ఉత్తరం నుంచి జర్మన్, దక్షిణం నుంచి ఇటాలియన్ లోయలన్నిటినీ నింపుతూ వచ్చాయి. నిటారు గోడల వెనక, శీతాకాలంలో కనుమలు మూసుకుపోయే అయిదు లోయల్లో మాత్రం లదీన్ మిగిలింది. వాటి పేర్లు బదియా, గెర్దెయ్నా, ఫాషా, ఫొదొమ్, అంపెజొ.

కొండలు భాషను కాపాడాయి నిజమే, కానీ దాన్ని ముక్కలు కూడా చేశాయి. "థాంక్స్" అనడానికి బదియా వాళ్లు జులాన్ అంటారు, గెర్దెయ్నా వాళ్లు దె గ్ర అంటారు, ఫాషా వాళ్లు దెతెల్పై అంటారు. మనం "యాడికి పోతావుండావు" అంటే కోస్తావాళ్లు నవ్వినట్టే వీళ్లూ ఒకరినొకరు చూసి నవ్వుకుంటారేమో. 1833లోనే మికురా ద రూ అనే పూజారి అయిదు లోయలకూ సరిపడే ఒకే రాత భాష కోసం వ్యాకరణం రాశాడు. ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. ఇప్పుడు ఆయన పేరు మీద ఒక లదీన్ సంస్థ ఉంది, 1976లో పెట్టారు.

వాళ్ల బతుకు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. సున్నపురాయి నీటిని నిలవనివ్వదు. వాన పడగానే పగుళ్లలోకి దిగిపోయి ఎక్కడో కింద ఊటగా వస్తుంది. అందుకే పైన పెద్ద మైదానంలో ఏరు కనిపించి కనిపించకుండా మాయమవుతుంది. బదియా లోయలో ఇళ్లు ఒంటరిగా కాకుండా గుంపులు గుంపులుగా ఉంటాయి. అలాంటి ఒక్కో గుంపును విలా అంటారు. నీళ్ల తొట్టి ఉమ్మడి, రొట్టెలు కాల్చే పొయ్యి ఉమ్మడి. అంపెజొ లోయలో అడవులు, మేత భూములు వందల ఏళ్లుగా ఊరి పాత కుటుంబాల ఉమ్మడి ఆస్తి. దాన్ని అమ్మడానికి లేదు, పంచుకోవడానికి లేదు. ఆ ఏర్పాటును రెగొలె అంటారు. 1990లో అక్కడ ప్రకృతి పార్కు పెట్టినప్పుడు దాన్ని చూసుకునే పనిని ఆ రెగొలె వాళ్లకే అప్పగించారు. అడవిని కాపాడటానికి అడవిలో ఉన్నవాళ్లను బయటికి పంపనక్కర్లేదని దీన్ని చూస్తే నాకు అనిపించింది.

గెర్దెయ్నాలో చలికాలం పొలం పని ఉండదు. 17వ శతాబ్దం నుంచి అక్కడి రైతులు చలి నెలల్లో మెత్తని కొయ్యతో దేవుడి బొమ్మలు, ఆడుకునే బొమ్మలు చెక్కడం మొదలుపెట్టారు. ఆ బొమ్మలను వీపున మోసుకుని యూరప్ ఊళ్లన్నీ తిరిగి అమ్మేవాళ్లు. మన కొండపల్లి, ఏటికొప్పాక, చన్నపట్న బొమ్మలు గుర్తుకొస్తాయి.

అడవుల్లో స్ప్రూస్, లార్చ్ చెట్లు ఎక్కువ. లార్చ్ సూదిలాంటి ఆకులు అక్టోబరులో పసుపు పచ్చగా మారి రాలిపోతాయి. పైన బండల మధ్య ఎడెల్వైస్ పూలు, షామువా అనే కొండమేక, బొరియల్లో ఆరేడు నెలలు నిద్రపోయే మార్మట్ అనే జంతువు. దక్షిణాన పనెవెజ్జొ అడవి స్ప్రూస్ కొయ్యతో వయొలిన్లు చేస్తారు, పేరుమోసిన స్ట్రాడివారి కూడా ఆ కొయ్యే వాడాడని అక్కడి వాళ్ల నమ్మకం. 2018 అక్టోబరు చివర వచ్చిన తుఫాను ఈ ప్రాంతంలో లక్షల చెట్లను ఒక్క రాత్రిలో పడగొట్టింది.

కథలకు కొదవ లేదు. సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఆ తెల్లకొండలు గులాబీ రంగుకు, తర్వాత ఊదా రంగుకు మారతాయి. దాన్ని లదీన్‌లో ఎన్రొసదీరా అంటారు, గులాబీ రంగు కావడమని అర్థం. లౌరిన్ అనే మరుగుజ్జు రాజుకు కొండ మీద గులాబీ తోట ఉండేదంట. ఒంటికి మాయ టోపీ పెట్టుకుని ఎవరికీ కనపడకుండా యుద్ధం చేస్తుంటే, కదిలే గులాబీ కొమ్మలే అతణ్ణి పట్టించాయి. బందీగా పోతూ పోతూ "పగలు కానీ రాత్రి కానీ ఈ తోట ఎవరికీ కనపడకూడదు" అని శపించాడు. సంధ్యవేళను మర్చిపోయాడు. అందుకే ఆ కాసేపే గులాబీలు కనిపిస్తాయంట. హిరణ్యకశిపుడు అడిగిన వరంలో కూడా సంధ్యవేళే కదా మర్చిపోయింది!

ఇంకో కథ ఫానెస్ రాజ్యానిది. ఫానెస్ జనం మార్మట్‌లతో స్నేహం చేసుకుని బతికారు. వాళ్ల రాజు దురాశతో స్వంత జనాన్నే శత్రువుకు అమ్మేశాడు. చివరికి రాయి అయిపోయాడు. ఆ రాయి ఉన్న కనుమను ఫల్జారెగొ అంటారు, మోసపు రాజు అని దాని అర్థమని ఊళ్లో చెప్తారు. మిగిలిన జనం కొండ కడుపులో దాక్కుని తిరిగి వచ్చే రోజు కోసం ఎదురు చూస్తున్నారంట.

ఆ ఫల్జారెగొ కనుమ దగ్గరే నిజంగా మనుషులు కొండ కడుపులోకి దూరారు. కానీ దాక్కోవడానికి కాదు, చంపుకోవడానికి. 1915 మే 23న ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటించింది. అప్పటికి లదీన్ లోయలు ఆస్ట్రియాలో ఉన్నాయి. లోయల్లోని పడుచువాళ్లను అంతకు ముందు ఏడాదే దూరాన గలీషియా యుద్ధానికి పంపేశారు. ఇంట్లో మిగిలింది ముసలివాళ్లు, మీసం రాని పిల్లలు. సరిహద్దు కాపలా వాళ్ల చేతికే తుపాకులిచ్చి అప్పగించారు. యుద్ధరేఖ సరిగ్గా లదీన్ లోయల మధ్యగా పోయింది. ఫొదొమ్ లోయలో పెద్ద ఊరు మొదటి ఏడాదే ఫిరంగి గుండ్లకు నాశనమైంది.

శిఖరం మీద ఉన్న శత్రువును కింద నుంచి కాల్చలేరు. కాబట్టి రాయిని తొలిచి అతని కాళ్ల కింద మందుగుండు పెట్టి శిఖరాన్నే పేల్చేశారు. కోల్ ది లానా కొండను 1916 ఏప్రిల్ 17 రాత్రి ఇటలీ సైన్యం అలా పేల్చింది. లగజువొయ్ కొండలో రెండు పక్షాలూ కలిసి అయిదుసార్లు పేల్చారు. 1917 జూన్‌లో ఇటలీ వాళ్లు కిలోమీటరుకు పైగా సొరంగం తవ్వి సుమారు 33 టన్నుల మందుగుండు పెట్టారు. మర్మొలాదా మీద ఆస్ట్రియా సైనికులు మంచుగడ్డ లోపలే గదులు, దారులు తొలిచి ఊరిలాగా ఉన్నారు, దారుల పొడవు 12 కిలోమీటర్లని చెప్తారు. అక్కడ శత్రువు కంటే మంచు ఎక్కువమందిని చంపింది. 1916 డిసెంబరు 13 తెల్లవారుజామున మంచు చరియ విరిగి సైనికుల బస మీద పడి సుమారు 270 మంది చనిపోయారు. ఆ మంచుగడ్డ ఇప్పుడు కరుగుతోంది. కరిగే కొద్దీ ఆనాటి సామాన్లు బయటికి వస్తున్నాయి. 2022 జూలై 3న ఎండకు దానిలో ఒక పెద్ద ముక్క విరిగి పడి 11 మంది కొండెక్కేవాళ్లు చనిపోయారు.

యుద్ధం అయిపోయాక 1919లో రాసుకున్న సంధి ప్రకారం లదీన్ లోయలు ఇటలీకి పోయాయి. వాళ్లను ఎవరూ అడగలేదు. 1920 మే 5న లోయల మనుషులు గెర్దెయ్నా కనుమ మీద చేరి మొదటిసారి తమ జెండా ఎగరేశారు. నీలం ఆకాశానికి, తెలుపు మంచుకు, ఆకుపచ్చ పచ్చికకు. వాళ్లు అడిగింది తాము కూడా ఒక జనమని గుర్తించమని. జరిగింది దానికి ఎదురుగా. 1923లో అంపెజొ, ఫొదొమ్ లోయలను తీసి బెల్లునొ ప్రావిన్సులో కలిపారు. 1927లో బొల్జానొ అనే కొత్త ప్రావిన్సు పెట్టి బదియా, గెర్దెయ్నాలను అందులో వేశారు. ఫాషా త్రెంతొలో ఉండిపోయింది. ముప్పై వేల మందిని మూడు ముక్కలు చేశారన్న మాట. ముస్సొలినీ ప్రభుత్వం లదీన్ అసలు భాషే కాదు, ఇటాలియన్‌లో ఒక యాస అంది. 1939లో హిట్లర్, ముస్సొలినీ మాట్లాడుకుని అక్కడి జర్మన్ వాళ్లకూ చాలామంది లదీనులకూ ఒక పరీక్ష పెట్టారు: జర్మనీకి పోతారా, ఇటలీలో ఉండి ఇటాలియన్లు అవుతారా? డిసెంబరు 31 లోపల చెప్పాలి. రెండిట్లో ఏదీ లదీన్ కాదు. ఒకే ఇంట్లో అన్న ఒకటి, తమ్ముడు ఒకటి రాసిన కుటుంబాలు ఉన్నాయి. మన వైపు కూడా 1953లో, 1956లో గీతలు గీసినప్పుడు కుప్పం పక్కన ఒక బంధువు, హోసూరు పక్కన ఒక బంధువు మిగిలారని మా అవ్వ చెప్తుంది. కానీ ఊరు వదిలి పొమ్మని మనల్ని ఎవరూ అడగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో ఇటలీ, ఆస్ట్రియా చేసుకున్న ఒప్పందంలో జర్మన్ మాట్లాడేవాళ్ల హక్కులున్నాయి. లదీన్ అన్న మాటే లేదు. ఆ వేసవిలోనే వేలమంది లదీనులు సెల్లా కనుమ మీద సభ పెట్టి తమ గోడు చెప్పుకున్నారు.

అప్పుడు బడి సంగతి వచ్చింది. లదీన్‌లో చెప్పాలా, జర్మన్‌లోనా, ఇటాలియన్‌లోనా అని లోయల్లో ఇంటింటా తగాదా. లదీన్ ఒక్కటే చాలన్నవాళ్లకు "మరి పిల్లలు కొండ దిగాక ఏం చేస్తారు" అన్న ప్రశ్న ఎదురయింది. మన తల్లిదండ్రులు కూడా అడిగే ప్రశ్నే అది. 1948లో బొల్జానొ ప్రావిన్సులోని లదీన్ బడులకు ఒక పద్ధతి వచ్చింది. పాఠాలు సగం ఇటాలియన్‌లో, సగం జర్మన్‌లో, రెండూ సమానంగా. లదీన్ వారానికి రెండు గంటలు పాఠంగా, పైగా అర్థం కానిచోట అయ్యవారు విడమరిచి చెప్పే భాషగా. చిన్న పిల్లలకు మూడు భాషలూ కలగాపులగం కాకుండా రంగులు పెట్టారు. లదీన్‌కు ఆకుపచ్చ, ఇటాలియన్‌కు పసుపు, జర్మన్‌కు ఎరుపు. రెండు గంటలు తక్కువే అని నా అభిప్రాయం. కానీ ఆ లోయల్లో ప్రభుత్వ ఉద్యోగానికి మూడు భాషల పరీక్షా పాసవ్వాలి, కాబట్టి లదీన్ నేర్చుకుంటే తిండి పెట్టదని అక్కడ ఎవరూ అనలేరు. 2011 జనాభా లెక్కల్లో బొల్జానొ ప్రావిన్సులో 20,548 మంది తమది లదీన్ అని రాయించుకున్నారు, నూటికి నాలుగున్నర మంది. వాళ్లకు లదీన్‌లో వారపత్రిక ఉంది, రేడియో ఉంది, ఒక పాత కోటలో 2001 నుంచి స్వంత మ్యూజియం ఉంది.

బెల్లునొ ప్రావిన్సుకు పోయిన ఫొదొమ్, అంపెజొలకు ఇవేవీ రాలేదు. అల్పసంఖ్యాక భాషలకు దేశమంతటా వర్తించే చట్టం ఇటలీలో 1999లో గాని రాలేదు. అంపెజొలోని కోర్టినా ఊరు 1956లో శీతాకాల ఒలింపిక్స్ జరిగి పేరు పొందింది. డబ్బు, హోటళ్లు వచ్చాయి, వీధుల్లో ఇటాలియనే వినపడుతుంది. 2007 అక్టోబరులో కోర్టినా, దాని పక్క రెండు ఊళ్ల జనం ఓట్లు వేసి, తమను మళ్లీ బదియా వాళ్లున్న ప్రాంతంలో కలపమని పెద్ద మెజారిటీతో చెప్పారు. గీత ఇంతవరకు మారలేదు. ఫల్జారెగొ ఎక్కి, వల్పరొలా కనుమ దాటి దిగితే కోర్టినా నుంచి బదియా లోయకు బస్సులో గంట దారి. అటు పక్క పిల్లవాడు ఆకుపచ్చ పుటలో రాసుకునే మాటను ఇటు పక్క పిల్లవాడు తన అవ్వ నోటి నుంచి వింటే విన్నట్టు.